చోటు ఉన్నంత బరువు కారు మోయదు

ప్రశ్న: మాది జయపురం. మా అత్తవారిది విజయనగరం. పోయిన సంవత్సరం ఒక చిన్న కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. తరచుగా కోరాపుట్, పొట్టంగి, సుంకి ఘాట్ మీదుగా సాలూరు దిగి విజయనగరం వెళ్లి వస్తుంటాం. నేను, నా భార్య, మాతోనే ఉంటున్న మా అత్తగారు, బావమరిది, ఎనిమిదేళ్ల పాప, మొత్తం అయిదుగురం. వెళ్లేటప్పుడు 25 కిలోల కాలాజీరా బియ్యం బస్తాలు రెండు, సూట్‌కేసులు, పనసకాయలు, కూరగాయలు, 20 లీటర్ల నీళ్ల డబ్బా ఉంటాయి. వచ్చేటప్పుడు బియ్యం బదులు నా భార్య ఇంట్లో అమ్మే చీరల కట్టలు ఉంటాయి; అవి సుమారు 60 కిలోలు. కారు పుస్తకంలో ఖాళీ బరువు 905 కిలోలు, అనుమతించిన మొత్తం బరువు 1335 కిలోలు, డిక్కీ 265 లీటర్లు అని ఉంది. కారు పైకప్పు మీద నల్లటి రైల్స్ ఉన్నాయి కాబట్టి వెల్డింగ్ షాపులో ఇనుప క్యారియర్ చేయించి చీరలు పైన కడదామని బావమరిది అంటున్నాడు. వెనక భాగం కుంగుతోందని, స్ప్రింగుల్లో రబ్బరు బఫర్లు వేయిస్తే ఎక్కువ లోడు మోస్తుందని మెకానిక్ చెబుతున్నాడు. పాత యజమాని డిక్కీలో పెట్టించిన వూఫర్ పెట్టె కూడా అలాగే ఉంది. బావమరిది రాని రోజుల్లో వెనక సీటు మడిచి, మూటల మీద బొంత పరిచి పాపను పడుకోబెడుతున్నాం. దానికి ఘాట్‌లో కడుపులో తిప్పుతుంది, పడుకుంటే నిద్రపోతుంది. ఇవన్నీ ఎంతవరకు క్షేమం?

ఒక పాఠకుడు, జయపురం, కోరాపుట్ జిల్లా

జవాబు: మీరు చివర్లో రాసినదానికే ముందు సమాధానం చెప్పాలి. పాపను మూటల మీద పడుకోబెట్టడం ఇకమీదట మానేయండి. మీ ఉత్తరంలోని మిగతా విషయాలలో కొంత సర్దుబాటుకు వీలుంది. ఇందులో ఏ మాత్రం లేదు.

కారు దేనినైనా ఢీకొని ఆగిపోయినప్పుడు ఆగేది కారు మాత్రమే. బెల్టు పెట్టుకోని మనిషి, కట్టని మూట అంతకుముందున్న వేగంతోనే ముందుకు సాగిపోతారు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే ఘాట్‌లో ఎవరికీ ఎక్కువ అనిపించదు. కానీ అది ఆరు మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల డాబా మీద నుంచి పడినవారు నేలను తాకే వేగం. 50 కిలోమీటర్లకు ఆ ఎత్తు దాదాపు 10 మీటర్లు, 80 కిలోమీటర్లకు 25 మీటర్లు అవుతుంది. మూటల మీద పడుకున్న బిడ్డను పట్టి ఆపేది ఏదీ ఉండదు. పైగా ఆ బిడ్డ వెనక, కింద ఉన్న బియ్యం బస్తాలు కూడా అదే వేగంతో కదులుతాయి. అత్తగారి ఒడిలో కూర్చోబెట్టుకున్నా ఫలితంలో తేడా ఉండదు, ఎందుకంటే ఆ క్షణంలో 25 కిలోల పిల్ల చేతులకు కొన్ని వందల కిలోలుగా తెలుస్తుంది. అంత బరువును ఏ చేతులూ పట్టుకోలేవు.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ, పిల్లల కోసం తయారైన ప్రత్యేక సీటు గానీ లేకుండా కారు నడిపితే 194-బి సెక్షను కింద వెయ్యి రూపాయల జరిమానా ఉంటుంది. జరిమానా చిన్నదే, కానీ చట్టం ఏమి కోరుతోందో దానివల్ల తెలుస్తుంది.

ఎనిమిదేళ్ల పిల్లకు పెద్దవాళ్ల బెల్టు సరిగా అమరదు. పై పట్టీ మెడను కోస్తుంది, కింది పట్టీ తుంటి మీద ఉండాల్సింది పొట్ట మీదికి జారుతుంది. బూస్టర్ అనే ఎత్తు పీట వేసి కూర్చోబెడితే రెండు పట్టీలూ సరైన చోటికి వస్తాయి. ఇది భుజం మీదుగా వచ్చే బెల్టుతోనే పనిచేస్తుంది. మీ కారులో వెనక మధ్య సీటుకు నడుము పట్టీ మాత్రమే ఉంటే పాపను కిటికీ వైపు కూర్చోబెట్టండి. బావమరిది రాని రోజున అత్తగారిని ముందు సీటులో కూర్చోబెట్టి, తల్లీకూతుళ్లు వెనక కూర్చుంటే సీటు మడవాల్సిన అవసరమే రాదు. కడుపులో తిప్పడానికి పడుకోవడం ఒక్కటే మందు కాదు. కిటికీలోంచి దూరంగా ముందుకు చూడమనడం, బయలుదేరే ముందు కడుపు నిండా తినిపించకపోవడం, పుస్తకం, ఫోను చేతికి ఇవ్వకపోవడం, పొట్టంగి దగ్గర కాసేపు ఆగి గాలి పీల్చనివ్వడం చాలామందికి సరిపోతాయి. అప్పటికీ తగ్గకపోతే ప్రయాణానికి ముందు వేయాల్సిన మందు, దాని మోతాదు పిల్లల వైద్యుడిని అడగండి.

ఇక బరువు సంగతి. డిక్కీ 265 లీటర్లని పుస్తకంలో రాసినది చోటు లెక్క మాత్రమే, కారు మోయగల బరువుతో దానికి సంబంధం లేదు. ఒక లీటరు కొలతకు బియ్యం సుమారు 800 గ్రాములు తూగుతుంది కాబట్టి, డిక్కీని బియ్యంతో నింపితే 200 కిలోలు దాటుతుంది. అదే డిక్కీని దిండ్లతో నింపితే పది కిలోలు కూడా ఉండదు. ఖాళీ కనిపించినంత మేర సామాను సర్దేసి, తలుపు పడింది కాబట్టి సరిపోయింది అనుకోవడం మన దగ్గర ఎక్కువ. తలుపు పడడం చోటు సరిపోయిందనడానికి గుర్తు, అంతే.

మీరు చూడాల్సిన అంకె 1335లోంచి 905 తీసివేస్తే వచ్చే 430. ఇందులో డ్రైవరుతో సహా మనుషులందరూ, సామానంతా, కారు కొన్న తరువాత దానికి తగిలించిన ప్రతి వస్తువూ కలిసే ఉంటాయి. చిన్న కార్లలో చాలావాటికి ఈ అంకె 400 నుంచి 450 మధ్యనే ఉంటుంది. అయిదు సీట్లున్నాయి కాబట్టి అయిదుగురు పెద్దవాళ్లు, నిండు డిక్కీ, పైన క్యారియర్ అన్నీ ఒకేసారి సాధ్యమని కారు చేసినవారు ఎక్కడా చెప్పలేదు.

ఇప్పుడు మీ ప్రయాణాన్ని ఈ లెక్కలో వేసి చూద్దాం. పెద్దవాళ్లు నలుగురిని మనిషికి 68 కిలోల చొప్పున వేసుకుంటే 272, పాప 25, మొత్తం 297. మీ ఇంట్లోవాళ్లు అంతకంటే బరువైతే ఆ మేరకు పెంచుకోండి. వెళ్లేటప్పుడు బియ్యం 50, సూట్‌కేసులు 30, కాయలు, కూరగాయలు 20, నీళ్లు 20, వూఫర్ పెట్టె 15 అనుకుంటే ఇవి 135. రెండూ కలిపితే 432. అంటే మీకు తెలియకుండానే గీత దాటారు. వచ్చేటప్పుడు సూట్‌కేసులు 30, నీళ్లు 20, వూఫర్ 15, చీరలు 60, పైన ఇనుప క్యారియర్ ఎంత తేలికగా చేయించినా 15, మొత్తం 140. మనుషులతో కలిపి 437. అత్తవారింటి నుంచి వచ్చే ఆవకాయ జాడీలు నేను లెక్కలో వేయలేదు, అవి కూడా ఎలాగూ ఉంటాయి. ఒకసారి బస్తాలు తూచే కాటా మీద మీ సామాను పెట్టి చూస్తే ఈ అంకెలలో ఏవి మారాలో తెలుస్తుంది. చేతితో ఎత్తి అంచనా వేసినవారు చాలావరకు తక్కువే చెబుతారు.

ఈ లెక్కలోనే పరిష్కారం కూడా ఉంది. వూఫర్ పెట్టె తీసేయండి. 20 లీటర్ల డబ్బా బదులు మనిషికో సీసా పెట్టుకుని దారిలో నింపుకోండి. మీ దారి ఎడారి గుండా పోవడం లేదు, సిమిలిగుడలోనూ సాలూరులోనూ నీళ్లు దొరుకుతాయి. ఈ రెండింటితోనే వెళ్లేటప్పటి బరువు 400 దగ్గరికి దిగుతుంది. క్యారియర్ మానేస్తే వచ్చేటప్పటిది కూడా అక్కడికే వస్తుంది. గట్టి సూట్‌కేసుల బదులు మెత్తటి సంచులు వాడితే వూఫర్ వదిలిన చోటుతో కలిపి డిక్కీలో చాలా సామాను అమరుతుంది. చీరల విషయంలో ఇంకో చిక్కు ఉంది. అది చివర చెబుతాను.

రబ్బరు బఫర్ల గురించి మీ మెకానిక్ చెప్పిన మాట నమ్మకండి. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ముక్క పెడితే కారు వెనక భాగం పైకి లేస్తుంది, కుంగినట్టు కనిపించదు. కానీ యాక్సిల్, బేరింగులు, టైర్లు, బ్రేకులు ఇంతకుముందు ఎంత మోసేవో ఇప్పుడూ అంతే మోస్తాయి. ఎక్కువ బరువు వేశామని చెప్పే గుర్తు ఒక్కటి మాయమవుతుంది. ఆ తోపుడంతా స్ప్రింగులోని కొన్ని చుట్ల మీదే పడి, అవి విరిగే ప్రమాదం కూడా ఉంటుంది. మామూలు బరువుకే కారు కుంగుతుంటే స్ప్రింగులు బలం కోల్పోయాయని అర్థం. సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి వాటిని, షాకప్స్‌ను కూడా పరీక్ష చేయించి, అవసరమైతే అదే మోడలుకు చెందినవి కొత్తవి వేయించడం సరైన పద్ధతి.

పైకప్పు రైల్స్ అన్నీ బరువు మోయడానికి పెట్టినవి కావు. చిన్న కార్లలో చాలావాటికి అవి అలంకారం కోసం అతికించిన ప్లాస్టిక్ పట్టీలు. తేడా తెలుసుకోవడానికి పట్టుకుని ఊపి చూడడం పనికిరాదు. కారు పుస్తకంలో పైకప్పు బరువు అనే మాట వెతకండి. మోయగలిగిన రైల్స్ అయితే అక్కడ ఒక అంకె ఉంటుంది. ఈ తరహా కార్లలో అది తరచుగా 50 కిలోలు, పెద్దవాటిలో 75 దాకా ఉంటుంది, క్యారియర్ సొంత బరువు కూడా అందులోనే కలుస్తుంది. అంకె లేకపోతే, లేదా రైల్స్ మీద బరువు పెట్టవద్దని రాసి ఉంటే, ఆ చర్చ అక్కడితో ముగిసినట్టే. 50 కిలోలు మోసే రైల్స్ ఉన్నా మీ బావమరిది ఆలోచన నిలవదు: ఇనుప క్యారియర్ 15, చీరలు 60, మొత్తం 75. పైన పెట్టింది లెక్కలోకి రాదని కొందరి నమ్మకం. పైకప్పు మీది కిలో కూడా ఆ 430లోనిదే.

బరువు అంతే అయినా పైన ఉన్నప్పుడు కారుకు దాని ప్రభావం వేరు. సుంకి ఘాట్ మలుపుల్లో కారు పక్కకు ఒరగడం ఎంత ఎత్తులో బరువు ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. డిక్కీ అడుగున ఉన్న 60 కిలోలు కారును నేలకు అదిమి ఉంచుతాయి. మన తలల మీద ఉన్న 60 కిలోలు మలుపు తిరిగిన ప్రతిసారీ బయటి వైపుకు లాగుతాయి. ఎదురుగా లారీ వస్తే చటుక్కున స్టీరింగు తిప్పి మళ్లీ సరిచేసుకోవాల్సిన క్షణంలో ఈ తేడా బయటపడుతుంది. వెల్డింగ్ షాపులో చేసిన క్యారియర్ను బిగించడానికి పైకప్పుకు రంధ్రాలు వేయించడం మరీ ప్రమాదకరం. అక్కడ వాన నీరు దిగి తుప్పు పడుతుంది. పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కార్లలో అవి పైకప్పు అంచు వెంబడే మడిచి ఉంటాయి, డ్రిల్లు వాటికి తగలవచ్చు. ఎప్పుడైనా తేలికైన వస్తువులు పైన పెట్టక తప్పకపోతే, మీ మోడలుకు సరిపడే అడ్డ కడ్డీలు కొని, పట్టీలతో ముందుకూ వెనక్కూ, పక్కలకూ కదలకుండా కట్టి, బయలుదేరిన కొన్ని కిలోమీటర్ల తరువాత ఆగి బిగింపులు మళ్లీ చూసుకోండి. కొత్తగా బిగించిన పట్టీ కుదుపులకు తప్పకుండా కొంత వదులవుతుంది.

డిక్కీలో సర్దే పద్ధతి గురించి మీరు అడగలేదు గానీ, ఇదే అన్నిటికంటే ఎక్కువ తేడా తెస్తుందని నా అభిప్రాయం. బరువైనవి అడుగున, వెనక సీటు వీపుకు ఆనించి పెట్టాలి. తలుపు దగ్గరికి తేలికైనవి రావాలి. సాధారణంగా మనం చేసేది దీనికి వ్యతిరేకం: దిగేటప్పుడు ముందు దించాల్సినవని బస్తాలు చివర ఎక్కించి తలుపు దగ్గర పెడతాం. వెనక చక్రాలకు అవతల పడిన బరువు కారు ముక్కును కొద్దిగా పైకి లేపుతుంది. అప్పుడు ముందు చక్రాలు నేలను గట్టిగా పట్టవు, స్టీరింగు తేలికైనట్టు అనిపిస్తుంది, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే జారుతుంది. బస్తాకూ సీటుకూ మధ్య ఖాళీ ఉండకూడదు. ఖాళీ ఉంటే ఆ దూరంలో బస్తా వేగంగా వచ్చి సీటును గుద్దుతుంది. 50 కిలోమీటర్ల వేగంలో ఢీకొని, కారు ముందు భాగం ఒక 60 సెంటీమీటర్ల మేర నలిగి ఆగిందనుకుంటే, లోపల గట్టిగా కట్టిన ప్రతి వస్తువు మీదా దాని బరువుకు దాదాపు 16 రెట్ల తోపుడు ఉంటుంది. 25 కిలోల బస్తా 400 కిలోలై సీటు వీపును నెడుతుంది. కట్టనిదైతే ఇంకా ఎక్కువ.

అందుకే సీటు వీపు లాక్ గట్టిగా పడిందో లేదో ప్రతిసారీ చూడాలి. మడిచి మళ్లీ ఎత్తిన సీటు 'టక్' మని శబ్దం చేయాలి. కొన్ని కార్లలో లాక్ పడకపోతే మీట పక్కన ఎర్ర గీత కనిపిస్తుంది. వెనక ఎవరూ కూర్చోనప్పుడు బస్తాలు ఉంటే, వెనక బెల్టులను ఖాళీగానే లాగి గుచ్చి పెట్టండి, సీటు వీపుకు అదనపు ఆసరా దొరుకుతుంది. డిక్కీ అడుగున మూలల్లో ఇనుప కొండీలు ఉంటే అవి సామాను కట్టడానికి ఇచ్చినవే. మీట తిప్పి బిగించే రాచెట్ పట్టీ ఒకటి కొని ఆ కొండీలకు వేయండి. సాగే ఎలాస్టిక్ తాళ్లు సంచులు దొర్లకుండా ఉంచడానికి పనికొస్తాయి, బస్తాను ఆపలేవు. సామాను ఎత్తు సీటు వీపు దాటకూడదు. దాటితే అది ఎగిరి తలలకు తగులుతుంది, వెనక అద్దంలో రోడ్డు కూడా కనిపించదు. డిక్కీ తలుపు పూర్తిగా పడక తాడుతో కట్టి ప్రయాణం చేయడం మాత్రం వద్దు. వెనక తలుపు తెరిచి ఉంటే కారు వెనక ఏర్పడే గాలి సుడి సైలెన్సర్ పొగను లోపలికి లాగుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, వెనక సీటులో నిద్రపోతున్నవారికి తెలియను కూడా తెలియదు.

వూఫర్ పెట్టె సంగతి పైన చెప్పాను. బోల్టులతో బిగించకుండా డిక్కీలో ఊరికే నిలబెట్టిన పెట్టె అయితే అది 15 కిలోల చెక్కా అయస్కాంతమూ కలిసిన గట్టి మొద్దు. డిక్కీ మీద కప్పే పార్సిల్ ట్రే మీద కూడా ఏమీ పెట్టకండి. అది సామాను కనిపించకుండా కప్పడానికి పెట్టిన పలచటి అట్ట. గొడుగు, టిఫిన్ క్యారేజీ, లాప్‌టాప్ పెట్టే అర కాదు.

టైర్ల గాలి విషయంలో చాలామంది ఒకే అంకె పట్టుకుంటారు. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క చట్రం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. చాలా కార్లకు దాని మీద రెండు వరుసలు ఉంటాయి: ఇద్దరు ముగ్గురు కూర్చున్నప్పుడు ఎంత, నిండు బరువుతో ఎంత అని. నిండు బరువుకు వెనక టైర్ల గాలి ఎక్కువ ఉండాలని అందులో రాసి ఉంటుంది. జయపురంలో బయలుదేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. టైరు పక్కన 175/65 ఆర్14 82టి లాంటి రాత ఉంటే అందులో 82 అనేది ఆ టైరు 475 కిలోలు మోస్తుందని చెప్పే సంఖ్య. నాలుగు టైర్లకు కలిపి 1900 కిలోలు అవుతుంది కదా, 1335 మాత్రమే ఎందుకని అడిగేవారున్నారు. టైరు ఒక్కటే కారు కాదు. బరువు నాలుగింటి మీద సమానంగానూ పడదు. కొత్త టైర్లు వేయించేటప్పుడు ఈ సంఖ్య పాతదానికంటే తగ్గకుండా చూసుకోండి, చవకగా వచ్చిందని తక్కువ సంఖ్య టైరు వేయించవద్దు.

కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. పొట్టంగి దాటి సుంకి నుంచి సాలూరు వైపు దిగేటప్పుడు ఆ ఎత్తులో చాలా భాగాన్ని కొద్ది దూరంలోనే దిగుతారు. 1335 కిలోల కారు 100 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు నాలుగు లీటర్ల నీటిని మరిగే స్థితికి తేగలదు. ఇంజిన్ ఆపని భాగమంతా బ్రేకుల్లో వేడిగా మారాలి. కాలు తీయకుండా తొక్కుతూ పోతే బ్రేకు లైనింగుల పట్టు తగ్గుతుంది, ఆ తరువాత బ్రేకు ఆయిలు కాగడం మొదలవుతుంది. డాట్-3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకోవాలి. గాలిలోని తేమ పట్టాక అది 140 దాకా పడిపోవచ్చు. ఆయిలు మరిగి బుడగలు వస్తే పెడలు మెత్తగా కిందికి పోతుంది, కారు ఆగదు. పాత యజమాని దాన్ని ఎప్పుడు మార్చాడో మీకు తెలియకపోతే ఇప్పుడే మార్పించండి, ఆపైన రెండేళ్లకోసారి. దిగేటప్పుడు రెండో గేరులో, బాగా వాలు ఉన్నచోట మొదటి గేరులో ఇంజిన్‌తోనే వేగాన్ని పట్టి ఉంచి, బ్రేకును గట్టిగా కొద్దిసేపు తొక్కి వదిలేయాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవారి మాట వినకండి. ఇంజెక్షన్ ఇంజిన్ గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు అసలు పెట్రోలే తాగదు, న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ తిరగడానికి కొంత తాగుతుంది. కాబట్టి ఆ పొదుపు లేనే లేదు.

రాత్రి లేదా మంచులో వెళ్లేటట్టయితే స్టీరింగు పక్కన 0 నుంచి 3 లేదా 4 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉందేమో చూడండి. వెనక బరువు పడినప్పుడు హెడ్‌లైట్ల వెలుగు పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడుతుంది, మీ ముందున్న గుంత మీకు కనపడదు. ఆ చక్రం తిప్పితే వెలుగు మళ్లీ రోడ్డు మీదికి దిగుతుంది. కారు కొన్నవారిలో చాలామంది దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోరు.

లోపలి అరలు, హుక్కుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తలుపు అరలో మూత ఉన్న ప్లాస్టిక్ సీసా పెట్టవచ్చు, గాజు సీసా, వేడి టీ వద్దు. డ్రైవరు కాళ్ల దగ్గర ఏదీ ఉండకూడదు. దొర్లిన సీసా బ్రేకు పెడలు కిందికి చేరితే ఎంత తొక్కినా అది దిగదు. మ్యాట్ మీద మ్యాట్ వేయడం కూడా ఇలాంటిదే. గ్లవ్ బాక్స్ మూసే ఉంచాలి. సంచులు తగిలించే హుక్కులు సాధారణంగా రెండు మూడు కిలోలకు మించి మోయవు. తలుపు పైనున్న పిడికి బట్టలు తప్ప గట్టి వస్తువేదీ వేలాడదీయకండి. ముందు సీటులో కూర్చునే అత్తగారి ఒడిలో ఇత్తడి బిందె, కుక్కరు లాంటివి పెట్టవద్దు. ఎయిర్‌బ్యాగ్ సెకనులో 30వ వంతు, 20వ వంతు సమయంలో విచ్చుకుంటుంది, దానికీ మనిషికీ మధ్య ఉన్న వస్తువు గుండెకు తగులుతుంది. డ్యాష్‌బోర్డు మీద జగన్నాథుని విగ్రహం పెట్టుకునేవారు మన వైపు చాలామందే. ప్రయాణికుడి ఎదుట ఎయిర్‌బ్యాగ్ మూత ఉన్న భాగంలో మాత్రం పెట్టకండి. చిన్న పటమొకటి గ్లవ్ బాక్స్‌లో ఉంచుకుంటే భక్తికి లోటు రాదు. సీటు పక్క అంచులో ఎయిర్‌బ్యాగులున్న కార్లకు, బయట కొన్న బిగుతు సీటు కవర్లు అవి విచ్చుకునే అతుకును మూసేస్తాయి. ఆ మోడలుకు అనుమతించినవే వేయించాలి.

ఇక చీరలు. బరువు ప్రకారం చూస్తే, వూఫరూ నీళ్ల డబ్బా తీసేశాక ఆ 60 కిలోలు మీ కారులో పడతాయి. బీమా ప్రకారం పడవు. సొంత కార్లకు ఇచ్చే బీమా పాలసీలో వాడకంపై పరిమితులనే భాగం ఒకటి ఉంటుంది. కిరాయికి తిప్పడం, శాంపిళ్లు, సొంత సామాను తప్ప ఇతర సరకు రవాణా చేయడం దానిలో మినహాయింపుల కింద ఉంటాయి. అమ్మకానికి తెచ్చే చీరలు సొంత సామాను కిందికి రావు. ఘాట్‌లో ఏదైనా జరిగి కారులో 60 కిలోల కొత్త చీరల కట్టలు, వాటి బిల్లులు దొరికితే, కంపెనీకి క్లెయిము నిరాకరించడానికి ఒక ఆధారం దొరికినట్టే. పైగా సరకు విలువ 50 వేల రూపాయలు దాటి రాష్ట్రం దాటిస్తే జీఎస్టీ ఇ-వే బిల్లు, అంటే సరకు తరలించే ముందు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం అవసరమవుతుంది, సొంత కారులో తెచ్చామనేది దానికి మినహాయింపు కాదు. మీ పాలసీ కాగితం తీసి ఆ భాగం చదవండి, అనుమానముంటే ఏజెంటును రాతపూర్వకంగా అడగండి. విజయనగరంలో కొన్న చీరలను పార్సిల్ సర్వీసులో పంపించి జయపురంలో దించుకుంటే ఖర్చు కొంత అవుతుంది, కానీ ఆ 60 కిలోలు ఘాట్ ఎక్కేటప్పుడు మీ కారులో ఉండవు. మీ భార్య నమూనాగా చూపించడానికి తెచ్చుకునే రెండు మూడు చీరలకు మాత్రం అడ్డేమీ లేదు.